మూడు గెలుపులు, ఐదేళ్ళ మౌనం

తొర్రూరు నుంచి రాయపర్తి, వర్ధన్నపేట మీదుగా వరంగల్లు పోయే దారిలో పెండ్యాల రాఘవరావు గురించి చెప్పుకునే మాట ఒక్కటే: ఒకేసారి మూడు చోట్ల గెలిచినవాడని. నిజమే. తెలంగాణ సాయుధ పోరాటంలోంచి వచ్చిన ఆయన 1952లో పి.డి.ఎఫ్. పక్షాన వరంగల్లు లోక్‌సభకు, హన్మకొండ, వర్ధన్నపేట శాసనసభ స్థానాలకు ఎన్నికయ్యాడు. లోక్‌సభ పోటీలో ఓడినవాడు మన కాళోజీ! రెండు శాసనసభ స్థానాలూ వదులుకుని రాఘవరావు ఢిల్లీ వెళ్ళాడు. ఆయన్ని రైలెక్కించి మన చరిత్ర రచన చేతులు దులుపుకుంది.

రావి నారాయణరెడ్డి విషయంలోనూ ఇంతే. నల్లగొండలో 3,09,162 ఓట్లు, నెహ్రూకు 2,33,571. ఈ అంకెలు అందరికీ కంఠస్థం. (ఇద్దరివీ ద్విసభ్య నియోజకవర్గాలనీ, ఓటరుకు రెండేసి ఓట్లుండేవనీ గుర్తుంచుకునేవారు తక్కువ.) సభలో ఏం జరిగిందని ఎవరూ అడగరు. గెలుపు వీరగాథ అవుతుంది, సభాజీవితం దస్త్రమై మూలన పడుతుంది.

కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది 1946 జూలై 4న. ఆరేళ్ళు నిండకుండానే, 1952 మే 13న తొలి లోక్‌సభ కొలువుదీరింది. ఈ ప్రాంతం ఓటేసింది భూమి కోసం. అయితే భూమి రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోది. కౌలు చట్టం గురించి తేల్చవలసింది హైదరాబాదు శాసనసభ. అంటే, ప్రతినిధిని ఏ సమస్య గెలిపించిందో ఆ సమస్యపై చట్టం చేసే అధికారం లేని సభలో ఆయన కూర్చున్నాడు! ఈ వైరుధ్యాన్ని విస్మరించి ప్రశ్నలెన్ని, ప్రసంగాలెన్ని అని లెక్కపెట్టడం గుమాస్తా పని, విమర్శ కాదు. హైదరాబాదు 'బి' తరగతి రాష్ట్రం కనుక దానిపై కేంద్రానికి సాధారణ నియంత్రణ ఉండేది. ఉన్న సందు అదొక్కటే.

మరొక అడ్డంకి భాష. 120వ అధికరణం సభా వ్యవహారాలను హిందీ, ఇంగ్లీషులకు పరిమితం చేసింది. ఆ రెండూ చక్కగా రానివారు స్పీకరు అనుమతితో మాతృభాషలో మాట్లాడవచ్చు. గ్రామసభల్లో జనాన్ని కదిలించిన నాలుక అక్కడ అనుమతి కోరుకోవాలి. పైగా సభలో సమయం పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. పి.డి.ఎఫ్.కు దక్కినవి ఏడు స్థానాలే.

అందుకే చదవవలసింది కొన్ని సందర్భాలు. 1952 నివారక నిర్బంధ చట్ట సవరణ, అదే ఏడు ముల్కీ ఆందోళన నాటి సమావేశాలు, 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ బిల్లు. నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి చెప్పే జవాబు కార్యాలయం రాసిచ్చినది, ఆ వెంట అడిగే అనుబంధ ప్రశ్నలోనే మనిషి కనిపిస్తాడు. పార్లమెంటు గ్రంథాలయం ఆనాటి చర్చలను అందరికీ అందుబాటులో పెట్టింది. ఎమ్.ఏ. విద్యార్థులకు కవిత్వంలో పోరాటం మీద ఇంకో సిద్ధాంత వ్యాసం అప్పగించేముందు, ఈ సంపుటాల్లో 'వరంగల్' అన్న మాట వెంట ఎవరు ఏ భాషలో ఏమన్నారో ఏరి రాయమందాం.