పచ్చబొట్టు - కొలువు

మన పల్లెలలో ముంజేతి పచ్చబొట్టు అలంకారము. జపానులో దాని కథ వేరు. 1720లో, షోగున్ యోషిమునే కాలమున, ముక్కుచెవులు కోయు శిక్షకు బదులుగా దొంగల చేతులపై పచ్చబొట్టు పొడుచుట మొదలయినది. కొన్ని సీమలలో నుదుటిపైననే. ఆ గుర్తున్నవానికి కొలువెవ్వ రిచ్చెదరు? కొందరు దానిపై పెద్దబొమ్మలు పొడిపించుకొని కప్పుకొనిరి.

పాశ్చాత్యులు నవ్వుదురేమో యని మెయిజీ ప్రభుత్వము 1872లో పచ్చబొట్టునే నిషేధించినది. వింత యేమనగా, 1881లో ఇంగ్లండు రాకుమారుడు జార్జి అచ్చటికే పోయి చేతిపై డ్రాగన్ బొమ్మ పొడిపించుకొనెను, 1910లో రాజయ్యెను. రాజుగారి కోటుచేయి మడిచి చూచువా రెవరు?

నిషేధము 1948లో తొలగినది, అనుమానము తొలగలేదు. 2012లో ఒసాకా నగరపాలకులు, కనబడుచోటుల పచ్చబొట్టు కలదా యని ఉద్యోగులను వ్రాతమూలకముగా అడిగిరి. బదులీయని వారిపై చర్య తీసికొనగా, కొందరు కోర్టుకెక్కిరి.