పాలు మాన్పించే రోజు ఎవరి చేతిలో ఉంది?

వెట్టి మీద పోయిన భాగం చదివి ఒక విద్యార్థిని అడిగింది: "మేడం, వెట్టిలో బాలింతలు ఏమయ్యేవాళ్లు?" జవాబు మా ఇంటి నుంచే మొదలుపెడతాను.

నా బిడ్డకు పదకొండో నెలలో పాలు మాన్పించాను. సెలవు అయిపోయింది. కాలేజీ భూపాలపల్లిలో. బిడ్డను జనగామలో అమ్మ దగ్గర వదిలి వచ్చాను. రెండో రోజుకే రొమ్ములు గడ్డకట్టాయి. ఆ తర్వాత ఏడుపు. నిద్ర లేదు, ఊరికే కోపం, పాఠం మధ్యలో గొంతు పూడుకుపోయేది. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసిన నాకు ఈ బాధకు పేరు తెలియదు.

డాక్టరమ్మ చెప్పింది: పాలిచ్చే తల్లి ఒంట్లో ప్రొలాక్టిన్, ఆక్సిటోసిన్ ఊరుతుంటాయి. పాలు మాన్పిస్తే అవి తగ్గుతాయి. ఒక్కసారిగా మాన్పిస్తే కొందరి మనసు కూడా కుంగుతుంది. పిచ్చి కాదు, బలహీనత కాదు.

అమ్మకు చెప్పాను. "నువ్వు పదకొండు నెలలన్న ఇచ్చినవ్ బిడ్డా. నేను మానుకోట దిక్కు మిరపకాయ ఏరవోయిన్నాడు నీకు ఏడు నెలలు. పాలు కారి జాకెట్ తడిసేది. ఏడిస్తే, మిరప ఘాటుకు అనుకున్నరు."

అమ్మమ్మ వెట్టి కాలంలో పుట్టింది. పురుడు కాగానే తల్లిని పొలానికి పిలిచారని, తాను గంజినీళ్లతో బతికానని చెప్పేది.

అప్పుడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి పెత్తనం. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగింది ఆ పెత్తనం మీద తిరగబడే. బిడ్డకు పాలిచ్చి వస్తామన్న తల్లుల పాలను దొరలు ఆకు దొప్పల్లో పిండించారన్న మాట మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. దొర క్రూరత్వానికి గుర్తుగా ఆ మాట నిలిచింది. ఆ రాత్రి ఆ తల్లి మనసు ఏమైందో చరిత్రలోకి రాలేదు.

పోరాటంలోనూ ఈ కోత ఉంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో, అడవిలో దళంతో ఉన్నప్పుడు బిడ్డను ఇతరులకు ఇచ్చేయాల్సి వచ్చిందని కమలమ్మ చెప్పుకుంది. ఆ దుఃఖాన్ని అడిగి రాసుకున్నది ఆడవాళ్లే.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును బాబాసాహెబ్ సమర్థించారు. తల్లికి విశ్రాంతి దేశానికే మేలు అన్నారు. 1961 చట్టం బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా పని రోజులో రెండుసార్లు పాలిచ్చే విరామం ఇచ్చింది. కానీ అది ఫ్యాక్టరీకి, గనికి, ఆఫీసుకు. మిరప చేనుకు ఆ చట్టం రాలేదు.

మా ఇంట్లో నాలుగు తరాలు. పాలు ఎప్పుడు మాన్పించాలో ఒక్క తల్లీ తానుగా నిర్ణయించుకోలేదు. దొర, మేస్త్రీ, సెలవు కాగితం నిర్ణయించాయి. మా శోకంలో హార్మోన్ల పాలు కొంత, మిగతాది కులం, కూలీ.

చెల్లెళ్లారా, వీలైతే ఒక్కో పూట తగ్గిస్తూ మాన్పించండి. రెండు వారాలు దాటినా దుఃఖం తగ్గకపోతే, చావాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, డాక్టరు దగ్గరికి వెళ్లండి. టెలి మానస్ నంబరు 14416. "గాలి సోకింది" అంటే నమ్మకండి.

విద్యార్థులారా, ఈ వారం మీ అమ్మను ఒక్క మాట అడగండి: "నాకు పాలు ఎప్పుడు మాన్పించినవ్, ఎందుకు?" జవాబు రాసి పెట్టుకోండి. అదీ మన చరిత్రే.

జై భీమ్.