పాకీ పని: యజమాని ఎవరు?

మనుషుల మలాన్ని చేతులతో ఎత్తిపోసే పనికి తెలుగునాట పాకీ పని అని పేరు. పారసీకంలో 'పాక్' అంటే శుభ్రం. ఊరంతా అంటరానిదని దూరం పెట్టిన పనికి శుభ్రత పేరే అంటుకుంది. ఈ పనికి మూలం పొడి దొడ్డి. అందులో నీళ్లు పారవు, గుంత ఉండదు. రాళ్ల మధ్య పడినదాన్ని రోజూ ఎవరో ఒకరు వచ్చి, బూడిద చల్లి, రేకుతో గీకి, తట్టకెత్తి ఊరవతల పారబోయాలి. ఇళ్ల దొడ్లకు వెళ్లి తట్ట మోసేది ఎక్కువగా ఆడవాళ్లు. వానాకాలంలో తట్టలోది నెత్తి మీదినుంచి ఒంటి మీదికి కారేది.

ఈ పని చేయించే యజమాని ఎవరన్న ప్రశ్నకు మొదటినుంచీ తిన్నని జవాబు లేదు. ఉత్తరాది పట్టణాల్లో ఫలానా వీధి ఇళ్లు ఫలానా కుటుంబానివన్న వాడుక ఉండేది. తండ్రినుంచి కొడుక్కి, అత్తనుంచి కోడలికి ఆ ఇళ్లు సంక్రమించేవి. ఆ హక్కును అమ్ముకునేవారు, తాకట్టు పెట్టేవారు. చూడడానికి ఆస్తిలా ఉన్నా నిజానికి అది సంకెల. రొట్టె ముక్క, పాత బట్ట, పండగకు కాసిని డబ్బులు దక్కేవి తప్ప జీతమంటూ ఉండేది కాదు. ఇంటివాళ్లు తాము పనికి పెట్టుకున్నామనుకోరు, మునిసిపాలిటీ తన లెక్కలో రాసుకోదు.

ఈ పనివాళ్ల స్థితిగతులపై బొంబాయి ప్రభుత్వం 1949లో బర్వే కమిటీని, కేంద్రం 1957లో మల్కానీ కమిటీని వేశాయి. తట్ట పోయి చక్రాల బండి రావాలన్నది ఆనాటి సూచనల్లో ముఖ్యమైనది. పని ఉండనే ఉండాలి, మోత మాత్రం తగ్గాలి అన్న వరకే ఆ ఆలోచన సాగింది. వాడుక హక్కుల సంగతి తేల్చడానికి 1965లో మళ్లీ ఒక కమిటీ వేయవలసి వచ్చింది.

రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని, 23వ అధికరణంతో వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో దాని అమలుకు పట్టుబట్టినవారిలో ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ ముఖ్యుడు. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకోవడమూ నిర్బంధ శ్రమేనని 1982లో ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ కూలీలు కాంట్రాక్టర్ల వాళ్లు. అయినా బాధ్యతనుంచి ప్రభుత్వం తప్పుకోజాలదని కోర్టు తేల్చింది. పాకీ పనికి ఈ మాట ఎంత అవసరమో తర్వాతి కాలం చూపించింది.

ఈ పనిని, పొడి దొడ్లను నిషేధిస్తూ 1993లో చట్టం చేశారు. అలాంటి చట్టం చేయమని పార్లమెంటును కోరుతూ తీర్మానం చేసిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయినా అది అమల్లోకి రావడానికి 1997 జనవరి 26 దాకా పట్టింది. శిక్ష ఏడాది దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. అయితే అధికారి అనుమతి లేకుండా కేసు పెట్టే వీలు ఉండేది కాదు. పొడి దొడ్లు నడిపేవాటిలో మునిసిపాలిటీలూ ఉన్నప్పుడు అనుమతి ఎవరిస్తారు?

కోలార్ బంగారు గనుల్లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, శంకరన్ తదితరులతో కలిసి 1990లలో సఫాయి కర్మచారి ఆందోళన్‌ను కట్టారు. దొడ్లను ఫొటోలు తీసి, జాబితాలు రాసి, కొన్నిచోట్ల గునపాలతో పడగొట్టారు. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. మా దగ్గర అలాంటి పనే లేదని రాష్ట్రాలు ప్రమాణపత్రాలు వేస్తే, ఉందని ఫొటోలు చూపడం ఆ కేసులో ఏళ్ల తరబడి సాగింది. ఎనిమిది లక్షలకు కొంచెం తక్కువగా దొడ్లను మనుషులే ఎత్తిపోస్తున్నట్టు చివరికి 2011 జనగణనే లెక్క చెప్పింది.

ఈలోగా పని రూపు మారింది. ఫ్లష్ దొడ్లు, సెప్టిక్ ట్యాంకులు, భూగర్భ మురుగు కాలువలు పెరిగేకొద్దీ మలం కంటికి కనిపించకుండా పోయింది. కాలువ పూడుకుపోయినప్పుడు దిగే మనిషి మాత్రం పాత వాడల మనిషే. మ్యాన్‌హోల్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటుంది. కుళ్లిన గుడ్ల వాసనతో మొదలై, మోతాదు పెరిగితే ముక్కుకు ఆ వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. అందుకే పడిపోయినవాడిని లాగబోయినవాళ్లూ పోతుంటారు. 1990లనుంచి నగరపాలక సంస్థలు పారిశుద్ధ్య పనిని కాంట్రాక్టర్లకు అప్పగిస్తూ వచ్చాయి. కాంట్రాక్టరు కింద మేస్త్రీ, మేస్త్రీ కింద అడ్డా కూలీ. ప్రమాదం జరిగితే ఏ రిజిస్టరులోనూ అతని పేరు ఉండదు.

పాకీ పనిని నిషేధిస్తూ 2013లో వచ్చిన కొత్త చట్టం ఈ గొలుసును ఉద్దేశించే 'నేరుగా గానీ, పరోక్షంగా గానీ' పనికి పెట్టుకోరాదన్న మాట చేర్చింది. మురుగు కాలువల్లో ప్రమాదకరంగా దింపితే తొలి నేరానికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. కానీ రక్షణ సామగ్రితో చేసే పని ఈ లెక్కలోకి రాదన్న సందు కూడా అందులోనే ఉంది. 1993నుంచి మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షల చొప్పున ఇవ్వాలని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు ఆదేశించింది. పట్టాలపై మలం ఎత్తించే పనికి ముగింపు పలకాలని రైల్వేకూ చెప్పింది. తర్వాతి ఏళ్లలో రైలు పెట్టెలకు బయో టాయిలెట్లు వచ్చాయి. 2017లో హైదరాబాద్ జలమండలి ఇరుకు సందుల్లో తిరిగే చిన్న జెట్టింగ్ యంత్రాలను దించి, వాటిని నడిపే పని దళిత పారిశ్రామికులకు ఇచ్చింది.

సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 20 తీర్పులో పరిహారం ముప్పై లక్షలైంది. దానికన్నా తక్కువగా వార్తల్లోకి వచ్చినది కాంట్రాక్టు పత్రం సంగతి. చట్టంలోని ప్రమాణాలను షరతులుగా రాసిన నమూనా ఒప్పందాన్ని కేంద్రం తయారుచేయాలి, రాష్ట్రాలన్నీ దాన్నే వాడాలి. ప్రమాదం జరిగితే ఏజెన్సీ కాంట్రాక్టు పోవాలి, బ్లాక్‌లిస్టులోకీ ఎక్కవచ్చు. 2025 జనవరిలో హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మనుషులను కాలువల్లోకి దింపడం ఆపాలని అదే కోర్టు మరోసారి ఆదేశించింది.