మైలేజి: ఒక అంకె వెనుక కథ

దసరా సెలవులు. మీరు జంషెడ్‌పూర్‌లోని టెల్కో కాలనీలో ఉంటున్నారనుకోండి. అమ్మమ్మగారి ఊరు శ్రీకాకుళం. ఇంటిల్లిపాదీ కారులో బయలుదేరారు. ఘాట్‌శిల, బహరాగోడా, బారిపద, బాలాసోర్, కటక్, భువనేశ్వర్, బరంపురం దాటి ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టాలి. మొత్తం దూరం 750 కిలోమీటర్లు అని లెక్క వేసుకుందాం. కారు కొన్నప్పుడు ఇచ్చిన కాగితంలో మైలేజి లీటరుకు 20 కిలోమీటర్లు అని రాసి ఉంది. ఆ ప్రకారం 37న్నర లీటర్ల పెట్రోలు సరిపోవాలి. కాని ఊరు చేరేసరికి 50 లీటర్లు ఖర్చయింది. అంటే లీటరుకు 15 కిలోమీటర్లే! నాన్నగారికి పెట్రోలు బంకు మీద అనుమానం. మామయ్యకు ఇంజను మీద అనుమానం. ఇంతకూ తప్పు ఎవరిది?

బహుశా ఎవరిదీ కాదు. ఆ 20 అనే అంకె ఎక్కడ, ఎలా పుట్టిందో తెలిస్తే ఈ చిక్కు విడిపోతుంది.

పందెంతో మొదలు

మనదేశం 1956 నాటి చట్టంతో మెట్రిక్ కొలతలకు మారింది. మైళ్ళు పోయాయి, మైలేజి అనే మాట మాత్రం మిగిలింది. ఆ మాటను ప్రచారంలోకి తెచ్చినవాటిలో పోటీలు కూడా ఉన్నాయి. అమెరికాలో 1936లో ఒక చమురు కంపెనీ లాస్ ఏంజెలిస్ నుంచి యోసెమిటీ వరకు పొదుపు పరుగు ఏర్పాటు చేసింది. ఎవరు ముందు చేరారన్నది కాదు, ఎవరు తక్కువ పెట్రోలుతో చేరారన్నదే అక్కడ ప్రశ్న. 1939లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని వుడ్ రివర్‌లో షెల్ కంపెనీ పరిశోధకులు తమలో తామే పందెం వేసుకున్నారు. గెలిచిన కారు గాలనుకు దాదాపు 50 మైళ్ళు, అంటే లీటరుకు 21 కిలోమీటర్లు నడిచింది.

ఈ పందెం మనకొక మొదటి పాఠం చెబుతుంది. మైలేజి కారు ఒక్కదాని గుణం కాదు. కారు, నడిపే మనిషి, దారి, వేగం, బరువు అన్నీ కలిస్తేనే ఆ అంకె వస్తుంది.

సంక్షోభం తెచ్చిన చట్టం

1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు సరఫరాపై ఆంక్షలు పెట్టాయి. పీపా 3 డాలర్ల దగ్గర ఉన్న ముడిచమురు ధర 1974 జనవరికల్లా 12 డాలర్లకు చేరువయింది. అంతవరకు పందెంగా, ప్రకటనగా ఉన్న మైలేజి ఒక్కసారిగా దేశాల ఖజానాల సమస్య అయింది. 1975 డిసెంబరులో అమెరికా ఒక చట్టం చేసింది. ఒక్కొక్క కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజి 1985 నాటికి గాలనుకు 27.5 మైళ్ళకు, అంటే లీటరుకు సుమారు 11.7 కిలోమీటర్లకు చేరాలన్నది లక్ష్యం. మనదేశంలో ఇంధన పొదుపు కోసం 1978లో పి.సి.ఆర్.ఎ. సంస్థ ఏర్పడింది. గంటకు 45–55 కిలోమీటర్ల వేగంతో నడపమని అది ప్రచారం చేసింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. టన్నుకు పైగా బరువుండే అంబాసిడర్ పక్కన దీని బరువు సుమారు 650 కిలోలే. తేలిక కారుకు తక్కువ ఇంధనం చాలునని మధ్యతరగతి ఇళ్ళు అనుభవంలో తెలుసుకున్నాయి.

చట్టం అన్నాక కొలత అందరికీ ఒకేలా ఉండాలి కదా! అందుకే కారును రోడ్డు మీద కాకుండా ప్రయోగశాలలో, చక్రాల కింద తిరిగే దొర్లుల మీద నడుపుతారు. ఏ క్షణంలో ఎంత వేగం ఉండాలో ముందే నిర్ణయించి ఉంటుంది. దీన్నే పరీక్షా చక్రం అంటారు.

ఇందులో ఒక చమత్కారం ఉంది. ఈ పరీక్షలో పెట్రోలును కొలవనక్కరలేదు, పొగను కొలిస్తే చాలు! పెట్రోలులోని కార్బన్ ఇంజనులో మాయమైపోదు. కార్బన్ డయాక్సైడ్‌గా, కార్బన్ మోనాక్సైడ్‌గా, కాలకుండా మిగిలిన హైడ్రోకార్బన్‌లుగా బయటికి వస్తుంది. ఆ కార్బన్‌ను లెక్కగడితే ఎంత పెట్రోలు మండిందో తెలుస్తుంది. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది.

కాగితానికీ రోడ్డుకూ మధ్య

కాగితం మీది అంకె తమకు రావడం లేదని అమెరికాలో జనం ఫిర్యాదు చేశారు. దాంతో 1985 మోడల్ కార్ల నుంచి నగర మైలేజిలో 10 శాతం, హైవే మైలేజిలో 22 శాతం తగ్గించి ప్రకటించడం మొదలుపెట్టారు. 2008 మోడల్ కార్ల నుంచి ఎ.సి., అధిక వేగం, చలి వాతావరణం కూడా పరీక్షలో చేరాయి. యూరప్ 2017లో తన పాత చక్రాన్ని వదిలి, నిజమైన ప్రయాణానికి మరింత దగ్గరగా ఉండే కొత్త చక్రానికి మారడం మొదలుపెట్టింది. మనదేశం ఆ పాత యూరప్ చక్రాన్నే కొద్దిగా మార్చి తీసుకుంది. దానిలో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు.

ఇప్పుడు మీ శ్రీకాకుళం ప్రయాణం చూడండి. కారులో అయిదుగురు, డిక్కీ నిండా సామాను, పైన క్యారియర్ మీద పెట్టెలు, లోపల ఎ.సి. గాలి కలిగించే నిరోధం వేగపు వర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. 60 కిలోమీటర్ల వేగం 90 అయితే వేగం ఒకటిన్నర రెట్లే, గాలి నిరోధం మాత్రం 2.25 రెట్లు! పైనున్న పెట్టెలు దాన్ని మరింత పెంచుతాయి. టైర్లలో గాలి తగ్గితే రోడ్డుతో పోరు ఎక్కువవుతుంది. రైలు గేటు దగ్గర ఇంజను ఆపకుండా నిలబడితే పెట్రోలు ఖర్చవుతుంది, దూరం మాత్రం సున్నా. 20 కాస్తా 15 కావడంలో వింత లేదు.

లారీల ఊరు చెప్పే లెక్క

టెల్కో కాలనీకి ఆ పేరిచ్చిన కంపెనీ 1945లో ఏర్పడి, మొదట ఆవిరి రైలింజన్లు చేసింది. 1954 నుంచి జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీలు చేసింది. 2003లో టాటా మోటార్స్ అని పేరు మార్చుకుంది. 1998లో చూపిన ఇండికా కారు పుణెలో తయారైంది. జంషెడ్‌పూర్‌ది మాత్రం లారీల పేరే.

అందుకే ఒక లారీ లెక్క చేద్దాం. లీటరుకు 4 కిలోమీటర్లు నడిచే లారీని 5 నడిచేలా బాగుచేశారు. 15 నడిచే కారును 20 నడిచేలా చేశారు. దేనివల్ల ఆదా ఎక్కువ? కారు అంటారేమో! 100 కిలోమీటర్లకు కారు 6.7 లీటర్లకు బదులు 5 తాగుతుంది. ఆదా 1.7 లీటర్లు. లారీ 25 లీటర్లకు బదులు 20 తాగుతుంది. ఆదా 5 లీటర్లు! అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో ఈ భ్రమనే ఎత్తిచూపారు. మైలేజి అంకె మన అంచనాను పక్కదారి పట్టిస్తుంది. యూరప్‌లో చాలాచోట్ల వాడే పద్ధతిలో, 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని అడిగితే భ్రమ తొలగుతుంది.

సగటులోనూ ఇదే చిక్కు. వెళ్ళేటప్పుడు 20, వచ్చేటప్పుడు 10 వస్తే సగటు 15 కాదు. 100 కిలోమీటర్లకు వెళ్ళేటప్పుడు 5 లీటర్లు, వచ్చేటప్పుడు 10. మొత్తం 200 కిలోమీటర్లకు 15 లీటర్లు, అంటే సగటు 13.3 మాత్రమే.

ఈసారి ప్రయాణంలో ఒక చిన్న నోటుబుక్కు మీ దగ్గర ఉంచుకోండి. బయలుదేరేముందు ట్యాంకు నిండుగా పోయించి మీటరు అంకె రాయండి. మళ్ళీ నింపినప్పుడు పట్టిన లీటర్లు, మీటరు అంకె రాయండి. ఎక్కడ వేగంగా వెళ్ళారు, ఎక్కడ ఆగారు, ఎ.సి. ఎప్పుడు వేశారు, అవీ రాయండి. కాగితం మీది అంకె వేర్వేరు కార్లను పోల్చుకోవడానికి పనికొస్తుంది. మీ కుటుంబం మీ దారిలో ఎంత చమురు మండించిందో మాత్రం మీ నోటుబుక్కే చెప్పగలదు. నాన్నగారు బంకువాడితో తగాదాకు దిగేలోగా ఆ పుస్తకం ఆయన చేతికివ్వండి.