బ్లాంషార్ కుటుంబం (అకాడియా)

ఫ్రెంచి వలస ప్రాంతమైన అకాడియాలో, పోర్ట్ రాయల్ (నేటి కెనడాలోని నోవా స్కోషియా) వద్ద 17వ శతాబ్దంలో స్థిరపడిన రైతు కుటుంబం. మూలదంపతులు జాఁ బ్లాంషార్ (జననం సుమారు 1611), రాడెగోండ్ లాంబేర్ (సుమారు 1621, 1629 అనే లెక్కా ఉంది). పోర్ట్ రాయల్ చర్చి రిజిస్టర్లలో మిగిలినవి 1702 తర్వాతివే కనుక, తొలి తరానికి జనాభా లెక్కలే ప్రధానాధారం. 1671 లెక్క రాడెగోండ్ వయసు 42 అంటుంది. 1686 లెక్క 65 అంటుంది. పదిహేనేళ్లలో ఇరవై మూడేళ్లు పెరగడం అసాధ్యం. మొదటి లెక్కే పెద్ద కూతురు మద్‌లెన్‌కు 28 ఏళ్లని రాసింది. ఈ రెండు వయసులూ నిజమైతే తల్లికి పద్నాలుగేళ్లకే కాన్పు అయి ఉండాలి. అందువల్ల రెండో లెక్కవైపే మొగ్గాలి. అయితే అప్పటి లెక్కల్లో వయసులు నోటిమాటగా చెప్పినవి. 60, 65, 75 వంటి అంకెల్లో ఉజ్జాయింపు ధోరణి కనిపిస్తుంది. కాబట్టి 1621ని తేదీగా కాక, అటూ ఇటూ కొన్నేళ్ల అంచనాగా తీసుకోవాలి.

రాడెగోండ్ మిక్‌మా ఆదివాసి స్త్రీ అనే వాదం చాలాకాలం సాగింది. 1755లో అకాడియా నుంచి మొదలైన బహిష్కరణ తర్వాత ఫ్రాన్సులోని బెల్ ఈల్ ద్వీపానికి చేరిన అకాడియన్లు 1767లో ఇచ్చిన వాంగ్మూలాలు మాత్రం, జాఁ తన భార్యతో కలిసి ఫ్రాన్సు నుంచి వచ్చాడంటాయి. వాటిలో ఆమె పేరు గియ్యెమెట్ అని ఉంది. పేరే తప్పు చెప్పినవారి మాట పుట్టుక విషయంలో నమ్మేదెలా అన్న ఆక్షేపణ సబబే. బతికుండగానే నమోదైన పేరు కనుక రాడెగోండ్ అన్నదే నిలుస్తుంది. కానీ నాలుగైదు తరాల తర్వాత ముత్తవ్వ పేరు తారుమారు కావడం వేరు, ఆమె ఏ జాతి మనిషో మరచిపోవడం వేరు. ఇంటిపేరు లాంబేర్ అన్నది వారికి సరిగానే గుర్తుంది. ఇక్కడ సాక్ష్యాన్ని బలపరచేది మైటోకాండ్రియల్ డీఎన్ఏ. తల్లి నుంచి కూతురికి తెగకుండా వచ్చిన సంతతిలో పరీక్షలు చేయించుకున్న పలువురికి ఎక్స్2బి4 అనే జన్యువర్గం వచ్చింది. ఎక్స్2 వర్గం పేరు చూసి ఆదివాసి మూలమనుకోవడం పొరపాటు: అమెరికా ఆదివాసుల్లో కనిపించే ప్రధాన శాఖ ఎక్స్2ఏ, ఎక్స్2బి4 ఐరోపాకు చెందినది. ఈ ఫలితం ఆమె తల్లివైపు వంశం ఐరోపాదని చూపుతుంది. ఆమె పుట్టిన ఊరిని చూపదు, పెళ్లి ఫ్రాన్సులోనే జరిగిందనీ తేల్చదు. వేర్వేరు లోపాలున్న ఆధారాలు ఒకేవైపు మొగ్గిన మేరకే ఈ వంశవృక్షం గట్టిది.