మూడు పేర్లలో ఒక చరిత్ర

మేఘాలయ కొండల్లో పురుగులను పట్టి తినే మొక్క ఒకటి ఉంది. గారోలు దాన్ని 'మెమాంగ్ కోక్సి' అంటారు. దయ్యపు బుట్ట అని అర్థం. ఖాసీలకు అది 'త్యూ రాకోత్', రాక్షస పువ్వు. జైంతియాలకు 'క్సెత్ ఫారే', మూత ఉన్న ఈగల వల.

ఈ మూడు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొక్క రూపమూ అది చేసే పనీ వాటిలోనే ఉన్నాయి. ఆకు కొన తీగలా సాగి, చివర కూజాలా ఉబ్బుతుంది. వాననీళ్లు నిండిపోకుండా పైన మూత ఉంటుంది. మూత అడుగునా, కూజా అంచునా తేనె ఊరుతుంది. దాని కోసం వచ్చిన చీమ తడి అంచు మీద కాలు నిలవక లోపలికి జారుతుంది. లోపలి గోడకు మైనపు పూత. పైకి పాకుదామంటే పట్టు దొరకదు. అడుగున ఉన్న పుల్లని నీటిలో అది మెల్లగా కరిగిపోతుంది. సారం లేని నేలలో చాలినంత దొరకని నత్రజనిని మొక్క ఇలా సంపాదించుకుంటుంది.

ఇక పుస్తకాల పేరు. ఇలాంటి కూజా మొక్కలకు 1737లో లిన్నేయస్ 'నెపెంథిస్' అని పేరు పెట్టాడు. అది గ్రీకు కవి హోమర్ చెప్పిన, దుఃఖం మరిపించే మందు పేరు. మేఘాలయ మొక్కకు 1873లో జోసెఫ్ హూకర్ 'ఖాసియానా' అని చేర్చాడు. మరుసటి ఏడు బెల్‌ఫాస్ట్ సభలో, నెపెంథిస్ కూజాలు గుడ్డు తెల్లసొననూ మాంసాన్నీ అరిగించుకుంటాయని తన పరీక్షలతో చెప్పాడు.

ఎలా అరుగుతుందో తేల్చిన ఘనత శాస్త్రానిదే. కాదనం. కానీ గ్రీకు పేరులో ఈగ లేదు, మూత లేదు, వల లేదు. అవి ఉన్నది జైంతియా మాటలో. వృక్షశాస్త్ర గ్రంథాల్లో ఆ మాట 'స్థానిక నామం' కింద ఒక మూలన ఉంటుంది. మన దృష్టిలో అది అలంకారం కాదు, కళ్లతో చూసి దాచుకున్న జ్ఞానం. రాత లేని జనానికి పేరే దస్తావేజు.

ఈ మొక్కలో ఆడ వేరు, మగ వేరు. రెండూ దగ్గర్లో లేకపోతే విత్తనం కట్టదు. గనుల తవ్వకాలు, అడవి నరకడం, అమ్మకానికి పెకలించుకుపోవడం వల్ల అది అరుదైపోయింది. అంతర్జాతీయ వ్యాపారంపై కఠినమైన ఆంక్షలున్నాయి. దక్షిణ గారో కొండల్లోని బాఘ్‌మారాలో దాని కోసమే ఒక అభయారణ్యం ఉంది. మొక్క పోతే 'ఈగల వల' అనే మాట మిగిలినా, దాన్ని పిల్లలకు చూపించి చెప్పడానికి ఏమీ ఉండదు.

గోండీ, కోయ, కువి, సవర మాటల్లో మన చెట్లకున్న పేర్లకూ ఇదే వర్తిస్తుంది. పెద్దలు ఉండగానే రాసుకుందాం. పేరు ఒక్కటే కాదు, ఆ పేరు ఎందుకో కూడా.