పొమరైన్ స్కువా

పొమరైన్ స్కువా ఆర్కిటిక్ తీర మైదానాల్లో పిల్లల్ని పెంచి, మిగతా కాలమంతా వెచ్చని సముద్రాల మీద గడిపే వేట పక్షి. శాస్త్రీయ నామం స్టెర్కోరేరియస్ పొమరైనస్. డచ్చి పక్షిశాస్త్రవేత్త టెమ్మింక్ 1815లో దీన్ని వర్ణించాడు. స్కువాలు గల్ పక్షులకు దగ్గరి చుట్టాలు. అయితే వీటి ముక్కు కొన గద్ద ముక్కులా వంగి ఉంటుంది, తెడ్డుకాళ్లకు పదునైన గోళ్లుంటాయి.

అనకాపల్లి జిల్లాలో పక్షులనగానే అందరికీ గుర్తొచ్చేది అచ్యుతాపురం మండలంలోని కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు. రెండు తాటి దోనెలను జంటగా కట్టి, తామరల మధ్య నుంచి తిప్పి చూపిస్తారు. కొంగలు, నీటికాకులు, శీతాకాలంలో వలస బాతులు అక్కడ కనిపిస్తాయి. స్కువా మాత్రం ఆవలో వెతకాల్సిన పక్షి కాదు. గూడు పెట్టని కాలమంతా దాని బతుకు ఉప్పునీటి మీదే. ఒంట్లో చేరిన ఉప్పును కళ్ల పైనున్న గ్రంథులు వడకట్టి ముక్కు గుండా బయటికి పంపేస్తాయి. దాన్ని చూడాలనుకునేవారు అదే మండలంలోని పూడిమడక వైపు వెళ్లి, ఒడ్డు కనుమరుగయ్యే లోతు నీళ్ల దాకా చూపు సారించాలి. భారత జలాల్లో ఇది ఎక్కువగా నమోదైంది అరేబియా సముద్రంలో. శ్రీలంక చుట్టుపక్కలా, అండమాన్ సముద్రంలోనూ కనిపిస్తుంది.

వేసవిలో దీని కథ వేరు. రష్యా, అలాస్కా, కెనడాల ఉత్తరపు అంచున లెమ్మింగ్ అనే ఎలుకజాతి జంతువే దీనికి ఆధారం. లెమ్మింగ్‌లు మూడు నాలుగేళ్లకోసారి విపరీతంగా పెరుగుతాయి. ఆ ఏడాది స్కువాలు గుంపులుగా దిగి గూళ్లు పెడతాయి. లెమ్మింగ్‌లు లేని ఏడాది గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతాయి. ముక్కుతో నేల తవ్వి బొరియలోంచి లెమ్మింగ్‌ను లాగడం ఈ జాతి ప్రత్యేకత. నేల మీది చిన్న గుంటే గూడు, సాధారణంగా గుడ్లు రెండు. ఆడా మగా రెండూ పొదుగుతాయి.

సముద్రం మీదికి వచ్చాక ఎలుక వేటగాడు దొంగగా మారతాడు. చేపతో వెళ్తున్న సముద్రపక్షి టెర్న్‌ను ఎంచుకుని వెంటపడుతుంది. అది ఎటు మళ్లితే అటే మళ్లుతూ, ఒక్కోసారి తోకో రెక్క కొసో పట్టి లాగుతుంది. ప్రాణభయంతో టెర్న్ చేపను వదిలేస్తుంది, లేదా మింగినదాన్ని కక్కేస్తుంది. ఆ ముద్దను చాలాసార్లు నీళ్లలో పడకముందే స్కువా అందుకుంటుంది. చిన్న సముద్రపక్షులను చంపి తినడానికీ వెనకాడదు. పడవల నుంచి పారేసే చెత్తచేపకూ వస్తుంది.

గుర్తుపట్టడంలోనే అసలు చిక్కు. పెద్ద పక్షికి వేసవిలో తోక మధ్యన చెంచా ఆకారంలో మెలితిరిగిన రెండు ఈకలు పొడుచుకొస్తాయి. అవి ఉంటే సందేహమే లేదు. కానీ మన సముద్రాలకు వచ్చే చలికాలంలో అవి తరచూ విరిగో రాలిపోయో ఉంటాయి, పిల్ల పక్షులకు అసలుండవు. రంగును నమ్ముకున్నా మోసమే: చాలావాటికి నల్లటి నెత్తి, లేత పొట్ట ఉంటే, కొన్ని ఒళ్లంతా ముదురు గోధుమ రంగే. కాబట్టి రెక్క కింద చూడాలి. పెద్ద ఈకల మొదట్లో తెల్లమచ్చ, దాని పక్కనే చిన్న ఈకల మీద మరో లేత వంపు ఉంటాయి. ఈ జంట మచ్చ ముఖ్యంగా పిల్ల పక్షుల్లో పనికొస్తుంది. ఆపైన బరువైన ఛాతీ, లేత మొదలు, నల్లకొన ఉన్న దిట్టమైన ముక్కు, తొందర లేని రెక్కల ఊపు చూడాలి. ఆర్కిటిక్ స్కువా దీనికన్నా సన్ననిది, డేగలా చురుకైనది, తోక ఈకలు సూదిగా ఉంటాయి. పొడవు తోక స్కువా ఇంకా చిన్నది, ఎగిరే తీరు టెర్న్‌ను గుర్తుచేస్తుంది.

తీరంలో పొరబడేది ఎక్కువగా గోధుమ రంగు పిల్ల గల్‌లనూ, గద్దలనూ చూసే. శీతాకాలంలో వచ్చే కొన్ని గద్దలకూ రెక్క కింద తెల్లమచ్చ ఉంటుంది, కానీ వాటి తోక కొస చీలి ఉంటుంది. కాళ్లతో చేపను ఎత్తుకుపోతే అది స్కువా కాదు. స్కువా ఆహారాన్ని ముక్కుతోనే పట్టుకుంటుంది.

ఇవి దక్షిణానికి దిగే అక్టోబరు, నవంబరు నెలలే మనకు తుపాన్ల కాలం. పెనుగాలికి అలసిన సముద్రపక్షులు ఒడ్డుకు, ఒక్కోసారి ఊళ్లలోకీ కొట్టుకొస్తాయి. కొండకర్ల దగ్గర స్కువా కనబడే అవకాశమంటూ ఉంటే అది అలాంటి రోజునే. 2022లో స్కాట్లాండ్‌లో ఇదే కుటుంబానికి చెందిన గ్రేట్ స్కువాలు బర్డ్ ఫ్లూతో పెద్ద సంఖ్యలో చనిపోయాయి. అందుకని నీరసించిన పక్షి దొరికితే ఒట్టి చేతులతో ముట్టుకోకండి. ముక్కు, తోక, రెక్క అడుగు భాగం కనిపించేలా దూరం నుంచి ఫొటోలు తీసి అటవీ శాఖకు కబురు చేయండి.